పడుకోబెడితే ఆగిపోతుంది

ఆ రోజు ఉదయం గొడుగులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నిద్రలో ఉండగా ఆమె మణికట్టు కొలత తీసుకోవాలి, వేళకి ఆఫీసుకి వెళ్ళాలి. అంతే.

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. రైల్వే స్టేషన్లో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదికి ఆయన గుమస్తా. మరిచిపోయే వస్తువుల్లో గొడుగులదే పైచేయి కనక, వాటి కింద కూర్చుని కూర్చుని గొడుగులాయన అయిపోయాడు. ఆ గదికి జనం వస్తూ పోతూ ఉంటారనుకుంటే పొరపాటు. పోగొట్టుకున్నవాళ్ళు తిట్టుకుని కొత్తది కొనుక్కుంటారు. ఎప్పుడో ఒకసారి పెట్టుడు పళ్ళ కోసం ఓ పెద్దమనిషి వచ్చి, తనవి దొరక్క, అక్కడున్న ఇంకెవరివో పెట్టుకుని చూసుకుని, "ఇవే నయంగా ఉన్నాయి, తీసుకెళ్ళనా?" అని అడిగాడు. ఈ ముచ్చట భార్యకి చెప్పాలని గొడుగులాయన దారంతా నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. అప్పటికే ఆమె గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. మర్నాటికి ఆ ముచ్చట చల్లారిపోయింది.

ఆమె రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు. ఈయన ఇంటికొచ్చే వేళకి ఆమె బయల్దేరుతుంది. ఆమె వచ్చే వేళకి ఈయన గడ్డం గీసుకుంటూ ఉంటాడు. ఆమెకి మంగళవారం సెలవు, ఈయనకి ఆదివారం. "గ్యాస్ బుక్ చేశావా?", "ట్యాంకు నింపారా?" ఇవే వాళ్ళ కబుర్లు. ఆదివారం పగలంతా ఆమె నిద్ర చెడకుండా ఆయన ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తూ, టీవీలో బొమ్మ మాత్రం చూసేవాడు. వార్తలు చదివే అమ్మాయి పెదాల కదలికని బట్టి దేశం పరిస్థితి ఊహించుకునేవాడు.

పెళ్ళయి పదేళ్ళు నిండుతున్నాయి. ఏదైనా మంచిది ఇవ్వాలనిపించింది. స్టేషను వెనక సందులో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడు. పాతకాలపు చేతిగడియారాలు కొని, సరిచేసి, అమ్ముతుంటాడు. గొడుగులాయన వారంపాటు మధ్యాహ్నం భోజనం వేళ అక్కడే గడిపాడు. బంగారు పూతది చూశాడు. మరీ పెళ్ళికూతురిలా ఉంది. నాలుగు పలకల మొహంది చూశాడు. కోపంగా ఉంది. చివరికి అట్టడుగు సొరుగులోంచి మీగడరంగు మొహంతో, రోజూ కీ ఇవ్వాల్సిన ఓ చిన్న ఆడవాళ్ళ వాచీ బయటికొచ్చింది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. పక్కగదిలో ఎవరో చెప్పుల్లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నట్టు వినిపించింది.

"ఇదే కావాలి" అన్నాడు.

"అది సరిగ్గా నడవదు సార్. విప్పి చూసి ఫోన్ చేస్తా. పట్టీ కూడా మార్చాలి, అమ్మగారి చెయ్యి కొలత పట్రండి."

"ఇంట్లో మాత్రం తెలియకూడదు."

"నా నోట్లోంచి వాచీ అనే మాట రాదు సార్" అని ముసలాయన మాటిచ్చాడు. ఆ మాట మీద ఆయన గట్టిగా నిలబడ్డాడు. తరవాత జరిగినదానికంతటికీ అదే మూలం.

ఆ ఉదయం గొడుగులాయన దారం ముక్క తీసుకుని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చేతికి ఇంకా పిండివాసన ఉంది. దారం చుట్టి, ముడి దగ్గర గోటితో గుర్తు పెట్టుకుంటుండగా ఆమె కళ్ళు తెరిచింది.

"ఏం చేస్తున్నారండీ?"

దారం గుప్పిట్లో దాచేశాడు. మణికట్టు మాత్రం వదలడం మరిచిపోయాడు. "ఏంలేదు. ఊరికే పట్టుకున్నా."

"ఊరికేనా?"

"ఊరికేలే. నువ్వు పడుకో."

పదేళ్ళలో ఊరికే చెయ్యి పట్టుకున్న సందర్భం ఆమెకి గుర్తు లేదు. నిద్ర ఎగిరిపోయింది. ఆయన కంగారులో బయటపడ్డాడు, ఫోను దిండు పక్కనే ఉండిపోయింది. కాసేపటికి అది మోగింది.

"సార్ ఉన్నారా?" అంది ఒక ముసలి గొంతు.

"లేరండీ. నేను వాళ్ళావిడని."

"అయ్యో! అయితే మీతో చెప్పకూడదమ్మా. ఇంట్లో తెలియకూడదని సార్ మరీ మరీ చెప్పారు."

ఆమె లేచి కూర్చుంది. "ఏంటి తెలియకూడనిది? నేను భార్యనండీ. నాక్కాక ఇంకెవరికి చెప్తారు?"

ముసలాయన ఇరకాటంలో పడ్డాడు. వాచీ అనకూడదు, అమ్మగారిని నొప్పించకూడదు. "కంగారేం లేదమ్మా. పాతదయ్యాక ఇలాంటివి మామూలే. పైకి చూడ్డానికి బాగానే ఉంది. లోపలే అరిగిపోయింది. కొట్టుకోవడం కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ. స్ప్రింగు వెయ్యాలి."

"స్ప్రింగా!" ఆమె మేనమామకి గుండెలో స్ప్రింగు వేసినప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చున్నది ఆమే.

"ఆ సైజుది దొరకడం కష్టం. నిలబెట్టి ఉంచితే నడుస్తోందమ్మా. పడుకోబెడితే ఆగిపోతోంది. ఇలాగే వదిలేస్తే నెల నడవడం గొప్ప. నేను చెప్పానని మాత్రం సార్‌తో అనకండి."

సాయంత్రం గొడుగులాయన ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఆమె చెప్పులు వేసుకుంటూ కనబడలేదు. భార్య కుర్చీలో కూర్చుని ఉంది. డ్యూటీకి వెళ్ళలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకంతా తెలిసిపోయింది. ఆయన ఫోన్ చేశాడు."

"చెప్పొద్దన్నానే!" అని ఆయన నీరుగారిపోయాడు.

"ఎందుకు దాచారు?"

"ఒకేసారి తెలిస్తే నీకు బాగుంటుందని..."

"బాగుంటుందా!" ఆమె కుర్చీలోంచి లేచింది. "పొద్దున చెయ్యి పట్టుకుంది అందుకేనా?"

"అందుకే."

"ఎప్పుడు ఆగిపోతుందో తెలీదటగా?"

"పాతది కదా. నాకూ చెప్పాడు. అయినా పర్లేదన్నా."

"పర్లేదా? కొత్తది పెట్టించుకోవచ్చుగా! ఇప్పుడన్నీ వచ్చాయట కదా!"

"కొత్తవి నాకు నచ్చవు. వాటిలో ప్రాణం ఉండదు."

ఆమె బావురుమని ఏడుస్తూ ఆయన భుజం మీద తల వాల్చింది. ఒక వాచీకి ఇంత కరిగిపోతుందని తెలిస్తే ఏనాడో కొనేవాణ్ణే అనుకున్నాడు గొడుగులాయన. ఎన్నాళ్ళకో ఆ రాత్రి ఇద్దరూ కలిసి తీరిగ్గా భోంచేశారు. ఆయన పెట్టుడు పళ్ళ ముచ్చట చెప్పాడు. ఆమె నవ్వింది, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. పడుకోబోతే మాత్రం వీపు వెనక ఇంట్లో ఉన్న దిళ్ళన్నీ పేర్చి, "ఇలాగే కూర్చుని నిద్రపోండి, నాకోసం" అంది. ఆడవాళ్ళ సంతోషం ఇలా కూడా ఉంటుంది కాబోలని ఆయన కూర్చునే నిద్రపోయాడు.

మర్నాడు భార్య ఆయన్ని ఆఫీసుకి వెళ్ళనివ్వలేదు. ఇంతలో బావమరిది దిగాడు. కారు నడపడం నేర్పే స్కూలు అతనిది. లోకంలో ఏ పనైనా తను పూనుకుంటే తప్ప జరగదని అతని నమ్మకం. వచ్చీ రాగానే బావ చంక కింద చెయ్యేసి మెట్లు దింపడం మొదలెట్టాడు.

"ఎడమకాలు బావా... నిదానం... ఇప్పుడు కుడి... ఆగు ఆగు, వెనకెవరన్నా వస్తున్నారేమో చూసుకో."

"నాకు నడవడం వచ్చురా!"

"అందరూ అలాగే అనుకుంటారు బావా" అన్నాడతను జాలిగా.

ఆ వెనకే అత్తగారు ఉప్పులేని కూరల గిన్నెతో వచ్చింది. "అల్లుడుగారికి ఏది తినాలనిపిస్తే అది చెయ్యమ్మా, ఉప్పు మాత్రం వెయ్యకు" అని కూతురికి చెప్పింది. మధ్యాహ్నం స్టేషన్ సూపరింటెండెంటు సిబ్బందితో సహా వచ్చాడు. గొడుగులాయన్ని మధ్యలో కూర్చోబెట్టి అందరూ చుట్టూ నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఎందుకని అడిగితే, ఊరికే, గుర్తుగా ఉంటుందన్నారు. పదేళ్ళుగా ఆయనతో టీ తాగని టికెట్ల గుమస్తా ఆయన చేతులు పట్టుకుని, "మీలాంటివాళ్ళు అరుదండీ" అన్నాడు.

సంగతి ఆయనకి ఆ సాయంత్రం తెలిసింది. బావమరిది బాల్కనీలో ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. "స్ప్రింగు దొరకట్లేదట అన్నా. నెల నడిస్తే గొప్పట. పడుకోబెడితే ఆగిపోతుందట!"

గొడుగులాయనకి ముందు నవ్వొచ్చింది. చెప్పేద్దామని లోపలికి వెళ్ళాడు. గదిలో అత్తగారు, ఆవిడ పక్కన భార్య, వంటింట్లో ఏదో మరుగుతున్న చప్పుడు, ఆయన కుర్చీ మీద ఎవరో ఆరేసిన తువ్వాలు. టీవీ పూర్తి గొంతుతో మోగుతోంది. భార్య పక్కకి జరిగి చోటిచ్చింది.

"రండి, ఇక్కడ కూర్చోండి. ఫ్యాక్టరీలో ఓవెన్ ఆగిపోయిన రోజు మా వాళ్ళు ఏం చేశారో మీకు ఎప్పుడూ చెప్పలేదు కదూ?"

చెప్పలేదు. ఆయన కూర్చున్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు కూడా అలాగే అనుకున్నాడు. రెండు రోజులు ఉప్పులేని కూడు తిని, కూర్చుని నిద్రపోయి, మెట్ల మీద డ్రైవింగు నేర్చుకుని, ఇంత హాయిగా ఎప్పుడూ లేనని తెలుసుకున్నాడు.

పెళ్ళిరోజు ఉదయం గడియారాల ముసలాయన తలుపు తట్టాడు. సార్ మళ్ళీ కనబడకపోయేసరికి స్టేషన్లో ఇల్లు కనుక్కుని వచ్చాడు. గదినిండా జనాన్ని చూసి వేడుక అనుకుని, దాపరికం అక్కర్లేదని సంబరంగా జేబులోంచి వాచీ తీసి పైకెత్తాడు.

"స్ప్రింగు దొరికింది సార్! ఇంక ఎలా పడుకోబెట్టినా ఆగదు!"

గదిలో అందరూ ముందు వాచీ వంక, తరవాత గొడుగులాయన వంక చూశారు. ఆయన గోడ వంక చూశాడు.

అత్తగారు గిన్నె తీసుకుని లేచింది. "సంతోషమే అనుకోండి అల్లుడుగారూ. కానీ ఇంకోసారి ప్రాణం మీదికొస్తే కాస్త నిజంగా వచ్చాక చెప్పండి" అని వెళ్ళిపోయింది. బావమరిది సంచి సర్దుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి ఇవ్వలేదు. ముసలాయన, తను మాట తప్పలేదని పదిసార్లు చెప్పి పోయాడు. ఇల్లు ఖాళీ అయింది.

భార్య వాచీని అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గరికి తెచ్చుకుంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"మొన్న సాయంత్రం."

"మొన్నా! మరి చెప్పలేదేం?"

"నువ్వు ఇంట్లో ఉన్నావు కదా" అన్నాడు గొడుగులాయన.

ఆమె తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది. వాచీ చేతికి పెట్టుకుంది. పట్టీ ఒక రంధ్రం వదులుగా ఉంది. "నన్ను ఇంట్లో ఉండమని అడగడానికి ఇంత రభస ఎందుకండీ?" అని, కళ్ళు తుడుచుకుని నవ్వింది. "మీకో మాట చెప్పాలి. మా మేనేజరు కాళ్ళావేళ్ళా పడి పగలు షిఫ్టు వేయించుకున్నా. మా ఆయనకి బాగాలేదు, రాత్రిళ్ళు పక్కన నేనుండాలని. సోమవారం నుంచే. ఇప్పుడు బాగైపోయారని చెప్పనుగాక చెప్పను."

పదేళ్ళుగా రావాలనుకున్న సాయంత్రాలన్నీ ఒక్కసారి గొడుగులాయన కళ్ళముందు వరసకట్టాయి. బాల్కనీలో కుర్చీలు ఎక్కడ వేసుకోవాలో కూడా అనుకున్నారు.

ఆదివారం సాయంత్రం సూపరింటెండెంటు స్వయంగా ఇంటికి వచ్చి ఆయన భుజం తట్టాడు. "మీ బావమరిది మొన్న నా దగ్గరికొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడయ్యా. బావకి తేలికపాటి పని ఇప్పించమని పట్టుబట్టాడు. పైవాళ్ళతో పోట్లాడి ఆర్డరు తెచ్చా. రేపటి నుంచి నీకు రాత్రి డ్యూటీ. ఒక్క మనిషి రాడు, హాయిగా విశ్రాంతి."

జబ్బు లేదని మొత్తుకుంటే, లేదని డాక్టరు చేత రాయించుకు రమ్మన్నారు. డాక్టరు పావుగంట గుండె విని, ఈ వయసులో రాత్రి డ్యూటీ ఏమంత మంచిది కాదుగానీ, చేసుకోవచ్చునని రాసిచ్చాడు. ఆమె తన రాత్రి షిఫ్టు తిరిగి ఇమ్మని అడిగితే, మేనేజరు ఇక మార్చేది లేదన్నాడు.

ఇప్పుడు ఉదయం ఆయన ఇంటికొచ్చే వేళకి ఆమె జడ వేసుకుంటూ ఉంటుంది. సాయంత్రం ఆమె వచ్చే వేళకి ఆయన చెప్పులు వేసుకుంటూ ఉంటాడు. తన సెలవు రోజు పగలంతా, ఆయన నిద్ర చెడకుండా ఆమె మునివేళ్ళ మీద నడుస్తుంది. ఒక్కోసారి మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి ఊరికే పట్టుకుంటుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు.

బావమరిది మాత్రం, సమయానికి తను పూనుకోబట్టే బావ ఈ మాత్రం తిరుగుతున్నాడని కారు నేర్చుకునేవాళ్ళందరికీ చెబుతుంటాడు.