కదలని అంకె

ఆ ఆదివారం ఉదయం మీటర్ రీడరు ఇంట్లో బేరం ఐదు వందల దగ్గర తెగింది.

"మూడొందలు రాయండి చాలు," అంది భార్య. "చర్చి కప్పు కారుతోందని మన కప్పు అమ్ముకుంటామా?"

"పాస్టరు గారు మూడు వారాలుగా గొంతు పోయేలా చెబుతున్నారే. కమిటీలో ఉన్నవాణ్ణి, మూడొందలంటే ఏం బాగుంటుంది?"

పోయిన ఆదివారం పాస్టరు గారు ఒక్కొక్కరి పేరూ రాసిన చీటీలు పంచి, కప్పు మరమ్మతుకు ఎంత ఇవ్వగలరో ఇంటి దగ్గర ప్రార్థించి రాసుకు రమ్మన్నారు. ఇంటికి ఒకటి చాలని, మీటర్ రీడరు భార్య పేరున్న చీటీ మీద ఐదు వందలని రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అతని పేరున్న చీటీ కూడా ఆ జేబులోనే ఉంది. ముందురోజు డ్యూటీలో రీడింగు పుస్తకం వానకు తడిసి ముద్దయితే, కిరాణా షావుకారి ఇంటి కరెంటు మీటరు అంకెను ఈ చీటీ మీద రాసుకున్నాడు. ఆ మీటరు మూడు నెలలుగా ఒకే అంకె దగ్గర నిలబడిపోయింది. పాడైపోయి ఉంటుంది, సోమవారం ఆఫీసులో చెప్పాలి అనుకున్నాడు పాపం.

చర్చిలో కానుకల సంచి వచ్చినప్పుడు, చేతికి ముందు తగిలిన చీటీ తీసి అందులో వేశాడు.

మామూలుగా అయితే ఆ చీటీలు ఎవరూ పైకి చదవరు. ఆ రోజు మాత్రం పాస్టరు గారు, ఒకరిని చూసి ఇంకొకరికి ఉత్సాహం వస్తుందని, పేర్లు వదిలేసి అంకెలు మాత్రం గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"వంద. నూట యాభై. డెబ్బై ఐదు. ఇది... 'ప్రార్థిస్తాను'." ఆ చీటీ వెనకవైపు కూడా తిప్పి చూశారు. అటు ఏమీ లేదు. నిట్టూర్చి తరువాతిది విప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మన మీటర్ రీడరు సహోదరుడు... నలభై ఎనిమిది వేల ఆరు వందల యాభై!"

మీటర్ రీడరు చేయి జేబులోకి వెళ్ళింది. ఐదు వందల చీటీ అక్కడే ఉంది.

"ఎక్కడిదండీ అంత డబ్బు?" అంది భార్య, పెదవులు కదలకుండా. "మూడేళ్ళుగా కుట్టుమిషను కొనమంటే చేతిలో పైసా లేదన్నారే!"

"డబ్బు కాదే అది..."

"మరేంటి? ఇంటికి పదండి, చెప్తాను."

ముందు వరుసలో కూర్చున్న ఒకాయన మెల్లగా వెనక్కి తిరిగాడు. అతను కరెంటు ఆఫీసు ఇంజినీరు, మన మీటర్ రీడరుకు పై అధికారి. లంచాలు తీసుకుంటే ఉద్యోగం ఊడుతుందని సిబ్బందిని పిలిచి హెచ్చరించి ఇంకా వారం కాలేదు. "ప్రార్థన అయ్యాక ఒకసారి కనబడు," అని తల ముందుకు తిప్పుకున్నాడు.

ఈలోగా వెనక నుంచి వడ్రంగి లేచాడు. "నాది నూట యాభై కాదండీ, రెండు వేలు వేసుకోండి." రిటైరైన నర్సమ్మ, ప్రార్థిస్తానన్నది తనేనని ఒప్పుకుని వెయ్యి ఇస్తానంది. ఇప్పుడు తప్పు జరిగిందని చెబితే వీళ్ళందరి ముందూ నవ్వులపాలవుతాడు. చెప్పకపోతే ఉద్యోగం, కాపురం రెండూ గల్లంతు.

"రండి సహోదరుడా," అన్నారు పాస్టరు గారు చేతులు చాచి. "ఈ త్యాగం వెనక సంగతి సంఘానికి చెప్పండి."

మీటర్ రీడరు వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. "అది... డబ్బు కాదండీ."

"అవును! డబ్బు కాదు, ప్రేమ!" అన్నారు పాస్టరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"కాదండీ, వినండి. అది నాకు కనబడిన అంకె. మూడు నెలలుగా అదే అంకె కనబడుతోంది. ఎన్నిసార్లు చూసినా కదలట్లేదు."

దేవుడే చూపించాడని ఎవరో గొణిగారు. నాలుగో వరుసలో షావుకారు మాత్రం చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆ అంకె అతనికి కంఠతా వచ్చు. బిల్లు పెరగకుండా మీటరుకు అయస్కాంతం అంటించి దాన్ని ఆపేసిన రోజు నుంచీ, కదిలిందేమోనని పొద్దున్నే చూసుకుని మురిసిపోతున్నాడు మరి.

"ఎక్కడ కనబడిందో కూడా చెప్పేస్తానండీ," అన్నాడు మీటర్ రీడరు, ఎలాగైనా బయటపడాలని. "మన సంఘంలోనే ఒకరి ఇంట్లో..."

"తమ్ముడూ, ఆగు!" షావుకారు ఒక్క గెంతున లేచాడు. "నీకు దండం పెడతాను, ఇంక చెప్పకు! ఆ మొత్తం నేనిస్తాను! నా పేరున రాసుకోండి పాస్టరు గారూ!"

ఇంజినీరు కూడా లేచాడు. మీటర్ రీడరు ముఖం చూశాడు, షావుకారు ముఖం చూశాడు. "మూడు నెలలుగా కదలని అంకె," అన్నాడు నెమ్మదిగా. "షావుకారు గారూ, మీ మీటరు బాగానే తిరుగుతోందా?"

షావుకారు బెంచీ మీద కూలబడ్డాడు. పాస్టరు గారికి విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కిందికి దిగి వచ్చి అతని పక్కన కూర్చున్నారు. "ముందు ఆఫీసుకు ఇవ్వాల్సింది ఇచ్చేయండి అన్నా," అన్నారు మెల్లగా. "ఆ తరవాత మనసుకు తోస్తే ఇక్కడివ్వండి."

సోమవారం షావుకారు జరిమానాతో సహా బిల్లు కట్టాడు. మంగళవారం, ఎవరూ అడగకుండానే, మాటిచ్చిన కప్పు మరమ్మతు డబ్బు తెచ్చి పాస్టరు గారి చేతిలో పెట్టి, మూడు నెలల తరవాత కంటినిండా నిద్రపోయానన్నాడు. ఆగిపోయిన మీటరును పసిగట్టినందుకు ఇంజినీరు మీటర్ రీడరును మెచ్చుకున్నాడు. కుట్టుమిషను గొడవ మాత్రం ఇంకా తెగలేదు.

ఆ వారం కమిటీ సమావేశంలో పాస్టరు గారు చాలాసేపు ఆలోచించి, మన సభ్యుల్లో నీటిపన్ను ఆఫీసులో పనిచేసేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు.