ఎగిరే బిళ్ళకు ముందుచూపు

మంచానికి ఒక పక్క మా అమ్మాయి బ్యాగు సర్దుకుంటూ బూట్లలో మేజోళ్ళు కుక్కుతోంది. ఇంకో పక్క మా ఆయన తూటాలు డబ్బాలో పేరుస్తున్నారు. అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. మనిషికి సమయం విలువ తెలియాలంటే తుపాకీ పట్టాల్సిందే!

నవ్వకండి. గాల్లోకి విసిరిన మట్టిబిళ్ళను కాల్చే ఆటను స్కీట్ అంటారు. బిళ్ళ ఉన్నచోట కాలిస్తే దండగ. అది ఉండబోయే చోటికి తుపాకీ తిప్పాలి, పేల్చాక కూడా ఆ తిప్పడం ఆపకూడదు. రిటైరైన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? ఆయన వంటింట్లో చీపురుతో సాధన చేసి గోడగడియారం పగలగొట్టారు. పోనిద్దురూ! టైమింగు తెలిసిన మనిషే ఇంట్లో ఉండగా గడియారం దేనికి? పాలు ఏ క్షణాన పొంగుతాయో కుర్చీలోంచే చెప్పేస్తారు. లేచి స్టవ్వు మాత్రం కట్టెయ్యరు.

అమ్మాయి తనను అడగకుండా ఓడలో నర్సు ఉద్యోగం ఒప్పుకుందని ఆయన మూడు నెలలుగా దానితో మాట్లాడటం లేదు. అది రేవుకు బయల్దేరాల్సిన ఆ ఉదయం గుమ్మంలో నాతో అన్నారు: "ఒక్క రౌండే. అటునుంచటే బస్టాండుకొచ్చి నేనే మాట్లాడతాలే దానితో."

"ఈ ఒక్కరోజూ మానెయ్యకూడదూ?"

"నీకన్నీ భయాలే. టైమింగు నాకొదిలెయ్!"

"అమ్మా, నువ్వన్నా టైముకి రా," అంది అమ్మాయి.

"మీ నాన్నను లాక్కొస్తానే తల్లీ," అని ఆయన వెంట షూటింగు మైదానానికి వెళ్ళాను.

రౌండుకు పాతిక బిళ్ళలు. వరసగా మూడు తప్పితే అలిగి ఇంటికొచ్చేసే మనిషి, ఆ రోజు ఒక్కటీ తప్పలేదు! మొగుడి గురి తప్పాలని మొక్కుకున్న ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? ఇరవైనాలుగు పగిలాక బిళ్ళలు విసిరే యంత్రం మొరాయించింది.

"పదండి, బస్సెళ్ళిపోతుంది!"

"పాతికకు పాతిక వస్తుంటే ఇప్పుడా? నోటి దగ్గర ముద్ద లాక్కోకే!"

యంత్రం బాగుపడేదాకా అక్కడే నిలబడ్డారు. పాతికోదీ పగిలింది. "ఏం టైమింగండీ!" అంటూ కోచ్ చేతులూపాడు. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే ఆయన కదిలేలా లేరు మరి.

బస్టాండుకు చేరేసరికి పదకొండూ పది. పది నలభై బస్సు పది నలభైకే వెళ్ళిపోయిందట! "కాస్త ఆగితే మీ సొమ్మేం పోయింది?" అని కౌంటరులో మనిషి మీద ఎగిరారు మా ఆయన.

మరుసటి మార్చి ఏడున ఓడ రేవుకు తిరిగొచ్చింది. నడిసముద్రంలో జ్వరంతో పోయిన మా అమ్మాయి రాలేదు.