ఒకే కుర్చీతో ధనవంతులైన వీధి

పేదరికం పోవాలంటే పథకాలెందుకండీ? చేతికో ఫారం ఇచ్చి ఒక పరిశోధకుణ్ణి పంపండి చాలు! ఒక్క పూటలో మాయం చేసేస్తాడు. నవ్వకండి, నా దగ్గర ఋజువుంది.

తొంభై ఎనిమిది వేసవి. మండపేటలో రైస్ మిల్లు కూలీల వీధి. బుల్లెమ్మ కోరిక ఒక్కటే: వీధికి కుళాయి. పన్నెండేళ్ళుగా అర మైలు దూరంలోని మిల్లు బోరు నుంచి బిందె మోస్తోంది. ఏ ఇంట్లో ఏ వసతి లేదో రాసుకోవడానికి పరిశోధకుడు సత్యప్రసాద్ గారు వస్తున్నారనీ, ఆయన రాతను బట్టే కుళాయి అనీ కబురొచ్చింది.

కానీ ఇంటికొచ్చిన మనిషిని నిలబెడితే పరువేం కావాలి?

"చిన్నమ్మాయ్, మీ కుర్చీ ఓసారియ్యవే!" అని పక్కింటికి కేకేసింది బుల్లెమ్మ. కుర్చీ వెంట టేబుల్ ఫ్యానూ వచ్చింది. ఆయన లేవగానే రెండూ దొడ్డిదారిన తర్వాతి ఇంటికి పరుగు! ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు కుర్చీలు, ఇరవై రెండు ఫ్యాన్లు నమోదయ్యాయి.

"అందరివీ ఎర్ర కుర్చీలేనేంటండీ?" ఆయనకి అనుమానమొచ్చింది.

"మా వీధికి ఎరుపు అచ్చొచ్చిందండి," అంది వెంట తిరుగుతున్న బుల్లెమ్మ.

పైగా ప్రతి గుమ్మంలోనూ అడక్కుండానే చల్లటి మంచినీళ్ళు. ఆయన రాసుకున్నారు: 'ఇంట్లోనే పుష్కలంగా మంచినీళ్ళు.'

చూశారా అద్భుతం! పొద్దున్న కూలీలు, మధ్యాహ్నానికి మధ్యతరగతి! కుళాయి మాత్రం ఊరి అవతలి పేటకి పోయింది.

మరుసటేడు ఆయన మళ్ళీ దిగారు.

"ఈసారి కుర్చీ తీశావో, బిందె పెట్టి కొడతాను," అని చిన్నమ్మాయిని ముందే హెచ్చరించింది బుల్లెమ్మ.

ఆయన చెమటలు కక్కుతూ వచ్చి, "అమ్మా, కాసిని మంచినీళ్ళు," అన్నారు.

ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళు లేవనడానికి నోరెలా వస్తుంది?

"దానికేం భాగ్యమండి బాబూ! ఇదిగో, ఈ బిందె పట్టుకుని నా వెనకాల రండి."

వెళ్ళారు. సగం నీళ్ళు ప్యాంటు మీద పోసుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"రోజుకెన్నిసార్లమ్మా?"

"ఆరుసార్లండి."

ఆయన కళ్ళు చెమర్చాయి. ఫారం తీశారు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది.

పాపం, ఆ ఫారంలో కష్టానికి గడి లేదు! ఉన్న గడిలోనే రాశారు: 'నిత్యం ఆరు మైళ్ళ నడక. ఆరోగ్యం భేష్.'

పేదరికమూ పోయింది, రోగమూ పోయింది. ఇంకా కుళాయి ఎందుకండీ, ఉన్న ఆరోగ్యం చెడగొట్టడానికి కాకపోతే!