నోటితో చెప్పిన జబ్బు

మనిషికి జబ్బు ఉందా లేదా అన్నది శరీరం తేల్చే విషయం కాదు. రిజిస్టరు తేల్చే విషయం. శరీరం ఇచ్చేది అభిప్రాయం మాత్రమే.

కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం, సగం ప్రభుత్వం డేరాలలో నడుస్తున్న రోజుల్లో, ఆ ఊరి ఆస్పత్రి ఒకదానిలో పరిస్థితి నమోదు శాఖ పనిచేసేది. దాని అధిపతి గాబ్రియేలుగారు. ఆయన రోగులను చూసేవారు కాదు (పక్షపాతం కలుగుతుందని). రోగి తన నోటితో చెప్పిందే వ్రాసుకునేవారు.

కోడుమూరు నుంచి కాలిపుండుతో వచ్చిన ఓబులేసును ఒక ఉదయం డాక్టరుగారు ఎట్లా ఉందని అడిగారు. పెద్దమనిషి కుశలమడిగితే బాగాలేదనడం ఓబులేసు వంశంలో లేదు. కరువు కాలంలో కలెక్టరు అడిగినా వాళ్ళ తాత బాగున్నామనే చెప్పాడు.

"బాగుండా సామీ. తమరు బాగుండారా?"

డాక్టరు వెనకాల నిలబడిన గాబ్రియేలుగారు, రిజిస్టరు మీదినుంచి తల ఎత్తకుండా మొదటి వాక్యం వ్రాసుకుని, ఓబులేసును ఇంటికి పంపవచ్చని సంతకం చేశారు. (రెండవ వాక్యానికి గడి లేదు.)

అరగంట తరువాత, మూట కట్టుకుంటూ ఉండగా, ఓబులేసు కుడి చెయ్యి జారిపోయింది. మూతి వంకరపోయింది. మాట ఆగిపోయింది. కొడుకు దేవేంద్రప్ప, నలభై ఏళ్ళ బడిపంతులు, శాఖకు పరుగెత్తాడు.

"బాగుండానని మీ నాయనే చెప్పినాడు కదప్పా" అన్నారు గాబ్రియేలుగారు.

"ఇప్పుడు నోరు పడిపోయింది సార్."

"ఆ మాట ఆయప్పే వచ్చి చెప్పల్ల."

పక్క మంచం దాదా ఖలందర్ మూడు నెలలుగా అక్కడే ఉన్నాడు. అతనికి శరీరశాస్త్రం తెలియదు గాని నిబంధనలు తెలుసు. "నీ నోరు బాగుండాది కదా పంతులూ. నువ్వు పండుకో. మీ నాయన్ను తోడు పెట్టుకో" అన్నాడు.

దేవేంద్రప్ప వరుసలో నిలబడి, తనకు కుడి చెయ్యి పడిపోయిందనీ, బొత్తిగా మాట రావడం లేదనీ గట్టి గొంతుతో చెప్పాడు. రోగి స్వయంగా, స్పష్టంగా చెప్పినందుకు గాబ్రియేలుగారు సంతోషించి, పక్షవాతం నమోదు చేసి అదే మంచం ఇచ్చారు. తోడు వచ్చినవాడు కూర్చోలేకపోవడం గురించి నిబంధన ఏదీ లేదు.

డాక్టరుగారు వచ్చినప్పుడు దేవేంద్రప్ప మంచం మీద ఉండేవాడు. ఆయన మంచానికి తగిలించిన చీటీని పరీక్షించి వెళ్ళగానే దిగి, తండ్రిని ఎక్కించేవాడు. మందులు మంచానికి వ్రాసినవి గనుక, ఎవరుంటే వారికి నర్సమ్మ ఇచ్చేది. వైద్యం సక్రమంగా సాగింది.

ఒక్క చిక్కు. ఈ ఏర్పాటును ఓబులేసుకు ఎవరూ వివరించలేదు. రోజూ ఉదయం కొడుకు మంచమెక్కి కళ్ళు మూసుకోవడమూ, డాక్టరు తల ఊపడమూ ఆయన గోడకు ఆనుకుని చూసేవాడు. ఎడమ చెయ్యి చాచి కొడుకు నుదురు తడిమేవాడు. నలభై ఏళ్ళలో అది జరిగినట్టు దేవేంద్రప్పకు జ్ఞాపకం లేదు. రెండో రోజు నుంచి పంతులు, అవసరం లేకపోయినా, డాక్టరు రావడానికి గంట ముందే పడుకోసాగాడు.

తొమ్మిదో రోజు డాక్టరుగారు చీటీ చూసి పెదవి విరిచారు. ఈ రోగికి మాట రాలేదు, ఇక రాదు, మంచం ఖాళీ చేయించమన్నారు. దేవేంద్రప్పకు నోరు తెరిచే వీలు లేదు. తెరిస్తే జబ్బు నయమైనట్టే.

అప్పుడు గోడ దగ్గరి ఓబులేసు ఎడమ చేత్తో డాక్టరు కోటు పట్టుకున్నాడు.

"తోలొద్దు... సామీ" అన్నాడు, ముద్దముద్దగా. "వాడు... చిన్నప్పట్నుంచీ... ఏమీ చెప్పుకోడు."

గాబ్రియేలుగారు కలం తీసి, రోగి పరిస్థితి విషమమనీ, తోడు వచ్చినవాడు ఆరోగ్యంగా మాట్లాడుతున్నాడనీ వ్రాసి, మంచం ఇంకో వారం పొడిగించారు.

ఆ వారమంతా ఓబులేసు రోజుకు నాలుగు మాటల చొప్పున కొడుక్కు ధైర్యం చెప్పాడు. తనకు ఏ జబ్బూ లేదని చెప్పడానికి దేవేంద్రప్పకు రోజుకు ఇరవైనాలుగు గంటల వ్యవధి ఉండింది, అది చాలలేదు.