దినారు ముహూర్తం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఇకపై పెళ్లిళ్లకు లగ్నం నిర్ణయించే అధికారం పంచాంగానికి లేదు. అది కువైట్ దినారుకు బదిలీ అయింది. ఈ ఉత్తర్వు ఎవరు జారీ చేశారని నన్ను అడగకండి. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తర్వులకు భయపడటం వరకే నాకు తెలుసు.

మా అమ్మాయి ఇందు అంగళ్లులో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. కుప్పం దొడ్డప్పగారి కొడుకు ధనుష్‌తో ఆమెకు నిశ్చితార్థమైన నాడు దినారుకు రెండు వందల నలభై రూపాయల పైచిలుకు వచ్చేది. ధనుష్ కువైట్‌లో లారీ నడుపుతాడు. (అక్కడి రోడ్లు తిన్నగా ఉంటాయని ధైర్యం చెప్పారు. తిన్నని రోడ్డు మీద డ్రైవరుకు నిద్ర వస్తుంది కదా అని అప్పటి నుంచి నాకు నిద్ర రావడం లేదు.)

"రెండు నూర్ల యాభై కానీమ్మా. పిల్లోడు దాచిందంతా ఒకేసారి పంపించుకోని పెండ్లి చేసేస్తాం" అన్నాడు దొడ్డప్ప.

న్యాయంగానే తోచింది. రెండు వందల యాభై అయింది. అప్పుడాయన ఫోనులో పాత రేట్ల గ్రాఫు తెరిచాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. పాత రేట్ల గ్రాఫు అంటే ఒక గీత. ఎడమ పక్క కింద మొదలై కుడి పక్క పైకి పోతుంది, హార్సిలీ హిల్స్ రోడ్డులాగా. కాకపోతే దీనికి దిగే బస్సు లేదు. అది మన రూపాయి పడిపోతున్న గీత అని మనవాళ్లకు తెలుసు. తెలిసే మురిసిపోతారు. (రూపాయి కాస్త లేచిన రోజున మా వీధిలో కువైట్ డబ్బు వచ్చే రెండిళ్లలో పొయ్యి ఆలస్యంగా వెలుగుతుంది.)

"సూడమ్మా, పదేండ్ల కిందట యాడ ఉన్నింది, ఇప్పుడు యాడ ఉండాది. ఇట్ల పెరిగేదాన్ని పెట్టుకోని యాల తొందర?"

"పిల్లకు వయసు గూడా పెరుగుతాండాది కదప్పా."

"పెరగనీలే. పెరిగేదాన్ని ఎవురైనా ఆపుతారా?"

ఆ విధంగా నియమావళి ఏర్పడింది. దినారు పెరుగుతుంటే పెళ్లి చేయరాదు, ఇంకా పెరుగుతుంది గనుక. తగ్గితే చేయరాదు, మళ్లీ లేవాలి గనుక. కదలకుండా ఉంటే అసలే చేయరాదు, ఏదో జరగబోతోందన్నమాట. మిగిలిన రోజుల్లో నిరభ్యంతరంగా చేసుకోవచ్చు.

దీన్ని అమలు చేయడానికి దినార్ ముహూర్త నిర్ణయ సంఘం కూడా వెలిసింది. అధ్యక్షుడు దొడ్డప్ప. కార్యదర్శి పుంగనూరులో ముహూర్తాలు పెట్టే ఆదినారాయణగారు. ఆయన పంచాంగాన్ని పూర్తిగా వదిలేశారని నిందించడం తప్పు. ఫోను జారిపోకుండా దాన్నే ఆనించి పెడతారు.

నేను కూడా పొద్దున లేవగానే ముందు దినారును, తర్వాత పొయ్యి మీద పాలను చూడటానికి అలవాటు పడ్డాను. ఏది పొంగినా భయమే. ఒకనాడు ధైర్యం చేసి దొడ్డప్పను అడిగాను.

"అప్పా, బంగారం గూడా పెరిగిపోతాండాది. ఆ పొద్దు తాళిబొట్టుకయ్యే దుడ్డుకు ఈ పొద్దు ముక్కాలు బొట్టు గూడా రాదు కదా?"

"అది వేరే గ్రాఫుమ్మా."

"రెండూ కలిపి చూడకూడదు తల్లీ, దోషం" అన్నారు ఆదినారాయణగారు.

నాకు దోషమంటే మరీ భయం. రెండు వందల అరవై పోయింది, డెబ్బై పోయింది, ఎనభై పోయింది. నిశ్చితార్థం నాటి చీర ఇందు కాలేజీకి కట్టుకుపోయే చీర అయింది. ఆమెతో పాటు ఆఫీసులో చేరిన రూప కొడుకు బడికి పోతున్నాడు.

మొన్న దినారు మూడు వందలకు చేరువైందని సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఎవరికీ బస్సు ఛార్జీ ఎక్కువ పడకుండా మా మదనపల్లెకూ కుప్పానికీ మధ్యలోని పుంగనూరులోనే, ఆదినారాయణగారి వసారాలో కూర్చున్నాం. ఇందు కూడా సెలవు పెట్టి వచ్చింది. పంచాంగానికి ఆనించిన ఫోనులో కువైట్ నుంచి ధనుష్ కనిపించాడు. చిక్కిపోయాడేమో, ఏ జబ్బో దాస్తున్నాడేమో అని నేను కంగారు పడుతుండగా ఇందు ముందుకు జరిగింది.

"ధనుష్, ఎప్పుడొస్తావు?"

"మూడు నూర్లు దాటనీ ఇందూ. ఇప్పుడొస్తే లాసు."

"ఎవురికి?"

ఫోనులో బొమ్మ కదల్లేదు. నెట్‌వర్కు ఆగిందో, మనిషి ఆగాడో తెలియలేదు.

"పిల్లకేం తెలుస్తాదిలే, నువ్వు డ్యూటీ సూస్కో నాయనా" అన్నాడు దొడ్డప్ప.

వాళ్లు పెట్టిన నిశ్చితార్థపు బంగారు ఉంగరాన్ని వేలి నుంచి తీయబోయింది ఇందు. రాలేదు. కాస్త ఉమ్మి తడి చేసి తిప్పి లాగింది. వేలు విరుగుతుందేమోనని నేను చేయి పట్టుకున్నాను. నెమ్మదిగా విడిపించుకుని, ఉంగరాన్ని తీసి దొడ్డప్ప ముందు పెట్టింది.

"మామా, దీని గ్రాఫు గూడా ఒకసారి సూడండి. మీ దినారు కన్నా ఇదే బాగా పెరిగింది. ఇంగ నా కోసం మీరేం సూడొద్దు."

కేకలు పడతాయి, పెద్దమనుషులు వస్తారు, పోలీసులు వస్తారు అని లెక్కేసుకున్నాను. ఏమీ రాలేదు. దొడ్డప్ప ఉంగరాన్ని అరచేతిలో వేసుకుని ఎగరేసి తూచాడు. ఆదినారాయణగారు దోషం సంగతి మరిచిపోయి వేరే గ్రాఫు తెరిచారు. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. నిశ్చితార్థం నాటి ధరకు రెండింతలు దాటింది. ఇన్నేళ్లలో దొడ్డప్ప నవ్వగా చూడటం నాకదే మొదలు.

"అమ్మేద్దామా స్వామీ?"

"తొందర పడొద్దప్పా. ఇంగా పెరుగుతాది."

సంఘం ఏకగ్రీవంగా వాయిదా పడింది. మేము లేచి బయటికి వచ్చిన సంగతి ఎవరూ గమనించలేదు. చెప్పులు వేసుకుంటుంటే, నెట్‌వర్కు తిరిగి వచ్చిందేమో, లోపలి నుంచి ధనుష్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"గ్రాము ఎంత పలుకుతాండాది నాయనా?"