ఒక మేజోడు అనగా ఎన్ని?

సిబ్బంది చేతులు ఖాళీగా ఉండటం వల్ల మెదళ్ళు పనిచేయడం మొదలుపెడుతున్నాయనీ, ఇది కార్యాలయానికి క్షేమం కాదనీ పై అధికారులు సకాలంలో గుర్తించి, మేజోళ్ళ అల్లిక పోటీ ప్రకటించారు. ఒకే ఒక్క బహుమతి. మేడమీద కిటికీ పక్కన ఖాళీ అయిన కుర్చీ.

కింద నేలమాళిగలో పాత ఫైళ్ళ గదికి గుమస్తాగా ఉన్న ఆవిడ ఈ నోటీసును మూడుసార్లు చదువుకుంది. బయట వాన పడుతోందో లేదో తెలియాలంటే, పదకొండేళ్ళుగా ఆవిడ మెట్లు దిగివచ్చేవాళ్ళ గొడుగులు చూడాల్సిందే. అల్లికంటారా, ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఆ కుర్చీ ఇక తనదేననిపించింది.

‘ప్రతి ఒక్కరూ ఒక మేజోడు అల్లి సమర్పించవలెను’ అన్నది నిబంధన. సాక్సు అని రాసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నోటీసన్నాక కాస్త గాంభీర్యం ఉండాలి కదా. ఆవిడ సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి, “సార్, ఒక కాలికా, రెండు కాళ్ళకా?” అని అడిగింది.

ఆయన కళ్ళద్దాలు తీసి చూపించారు. “చూడమ్మా, ఇది కళ్ళజోడు. ఒకటే. నా కాళ్ళకున్నది చెప్పులజోడు. రెండు. మేజోడు ఈ రెంటిలో ఎటు పోతుందో నేనొక్కణ్ణే తేల్చేసే విషయం కాదు. ఫైలు పెట్టు.”

పెట్టింది. ఆ ఫైలు ఏడు బల్లలు తిరిగి, ఏడు చోట్లా ‘చర్చించవలెను’ అనిపించుకుని, చివరికి భద్రపరచమంటూ ఆవిడ గదికే వచ్చి చేరింది.

ఇంట్లో అత్తగారికి అంత చదువు లేకపోవడం వల్ల ఒక్క మాటలో తేల్చేసింది. “రెండూ అల్లు. ఒకటి బల్లమీద పెట్టు, ఒకటి సంచిలో ఉంచుకో. వాళ్ళు ఎన్నంటే అన్నే.” ఆవిడ అలాగే చేసింది. మడమ దగ్గర కుదరక మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లింది. పూర్తయ్యాక చూసి, జన్మలో కోడల్ని మెచ్చుకోని ఆ అత్తగారు, “పర్వాలేదు” అంది.

అల్లిక తెలిసినవాళ్ళు పక్షపాతం చూపిస్తారు కాబట్టి, తెలియనివాళ్ళనే ముగ్గుర్ని ఏరికోరి న్యాయనిర్ణేతలుగా వేశారు. మొదటాయన ఆవిడ మేజోడు ఎత్తి పట్టుకుని, “ఇక్కడ వంకర ఎందుకొచ్చింది?” అన్నాడు.

“అది మడమండీ.”

“నిబంధనల్లో మడమ ఊసే లేదే.”

రెండో ఆయన స్కేలు పెట్టి కొలిచి, లాగి మళ్ళీ కొలిచి, వస్తువుకు నిలకడ లేదని రాసుకున్నాడు. మూడో ఆయన చేతికి తొడుక్కుని, వేళ్ళు ఎటు పోవాలో తెలియక చాలాసేపు బాధపడ్డాడు.

తీర్పు సూపరింటెండెంటు గారే చదివారు. “ఒకటి అల్లినవారు ‘జోడు’ అన్న మాటను అవమానించారు. రెండు అల్లినవారు ‘ఒక’ అన్న మాటను ధిక్కరించారు. అందరూ అనర్హులే.” ఆవిడ గబగబా సంచిలోంచి రెండోది తీసింది. ఒకటి చూపించి ఒకటి దాచుట అనే మూడో నేరం అప్పటికప్పుడు నమోదైంది.

మిగిలింది సూపరింటెండెంటు గారి బావమరిది. ఆయన బల్లమీద ఊలు ఉండ పెట్టి, దానికి రెండు సూదులు గుచ్చి ఊరుకున్నాడు.

“ఈ ఉండలో ఒక మేజోడూ ఉంది, రెండు మేజోళ్ళూ ఉన్నాయి. నిబంధన ఎటు తేలినా ఇందులో తప్పు పట్టలేం. దూరదృష్టి అంటే ఇదీ,” అన్నారు సూపరింటెండెంటు గారు. హాలంతా చప్పట్లు. ఆవిడ కూడా కొట్టింది. బావమరిది వెళ్ళి కుర్చీలో కూర్చుని, మొహాన వెలుతురు పడుతోందని కిటికీ మూసేశాడు. ఆవిడ కిందికి దిగి, ఫైళ్ళ చాటున కూర్చుని కడుపారా ఏడ్చింది.

ఈ ఏడాది మళ్ళీ నోటీసు వచ్చింది. బావమరిదికి పదోన్నతి రావడంతో ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ. సిబ్బందిలో ఇప్పుడు పట్టుదల బాగా పెరిగింది. ఎవరి ఊలు వారు కొనుక్కుని, ఉండ ఎంత గుండ్రంగా వస్తుందా అని సాధన చేస్తున్నారు. ఆవిడ ఉండ అందరికంటే గుండ్రంగా వస్తోందని చెప్పుకుంటున్నారు.

“మళ్ళీ పోటీ అన్నావు, అల్లడం మానేశావేమే?” అని అడిగింది అత్తగారు.

“పోటీ దగ్గర పడింది అత్తయ్యా,” అంది ఆవిడ ఊలు చుడుతూనే. “ఇప్పుడు అల్లుతూ కూర్చుంటే ఎలా?”