ప్రామాణిక కుళాయి

ఇకమీదట ఈ నగరంలో ఏ క్రిమీ తన కళ్లుగప్పి ప్రజల కడుపులోకి పోజాలదని మంచినీళ్ల మంత్రిగారు ప్రకటించారు. క్రిములే కాదు, సీసం, తుప్పు, మురుగు, ఏదైనా సరే, పైపులో అడుగుపెట్టిందంటే పట్టుబడుతుందట. పథకం పేరు 'జల నిఘా'. ఆ మాట అంటూ ఆయన వేలెత్తి చూపిస్తే నీళ్ల బయట నిలబడ్డ నాకే గుండె జారింది. నీళ్లలో ఉన్నవి ఇంకెంత హడలిపోయి ఉంటాయో!

నేను టైలర్ని. ఈ ప్రకటన జరిగింది నా షాపు ఎదురుగా. అక్కడ ఓ కొత్త కుళాయి వెలిసింది. చుట్టూ నీలం టైల్స్, కుళాయికి అద్దాల పెట్టె, పెట్టెకి తాళం, తాళానికి ఓ వాచ్‌మన్. పైన మంత్రిగారి ఫొటో. ఆ ఫొటోకి ఎవరూ మీసాలు దిద్దకుండా దాని వైపే తిప్పిపెట్టిన కెమెరా. మంత్రిగారు లాగిన పరదా కుట్టింది నేనే కాబట్టి ఈ చరిత్రలో నా కుట్టు కూడా ఒకటుంది.

దీన్ని ప్రామాణిక కుళాయి అంటారు. ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయో చూడటానికి శాంపిల్ పట్టేది దీని నుంచే. ఇది చీఫ్ ఇంజనీరు గారి బుర్రలో పుట్టిన ఐడియా. అంతకుముందు ఆయన మనుషులు సీసాలు పట్టుకుని వీధివీధీ తిరిగేవారు. వాళ్లు తెచ్చిన శాంపిళ్లన్నీ టెస్టులో ఫెయిలయ్యేవి.

"నీళ్లు ఫెయిలైతే సర్దుకోవచ్చయ్యా. నిఘా ఫెయిలైతే గవర్నమెంటు పరువేం కావాలి?" అన్నారాయన, సఫారీ సూటుకి కొలతలిస్తూ. "ఊళ్లో కుళాయిలన్నీ బాగుచెయ్యాలంటే నా సర్వీసు చాలదు. ఒక్కటి బాగుచెయ్యడానికి ఒక్క పూట చాలు."

కుళాయి వెనక షెడ్డు మీద ఓ ట్యాంకు ఉంది. ఆఫీసర్స్ క్వార్టర్స్‌లోని ఫిల్టర్ ప్లాంటు నుంచి వారం వారం ట్యాంకర్ వచ్చి దాన్ని నింపి పోతుంది.

"ఊరి పైపుకి కలపలేదేం సార్?" అన్నాను.

"కలిపితే పాడైపోవూ!"

ఇంత సూటిగా మాట్లాడే అధికారి దొరకడం మన అదృష్టం.

మా ఇళ్లకొచ్చే పైపు మాత్రం రంగులద్దే ఫ్యాక్టరీ పక్కనుంచి వస్తుంది. గుడ్డతో బతికేవాణ్ణి కనుక బిందెలోకి తొంగిచూసి, ఆ పూట అక్కడ ఏ రంగు నడుస్తోందో చెప్పగలను. ఎక్కువగా నీలమే. మా ఆవిడ మరిగించి చూసింది. "మరిగేకొద్దీ రంగు చిక్కబడుతోందండీ" అంది. డబ్బా నీళ్లు కొందామంటే ఆ వ్యాపారాన్ని మంత్రిగారు మూయించారు. ఊరి నీళ్లు సురక్షితం అని తేలిపోయాక కూడా నీళ్లు అమ్ముకోవడం గవర్నమెంటుని అవమానించడమే కదా! న్యాయమైన మాట.

మా అమ్మాయికి ఈ న్యాయం అరగలేదు. వాంతులు, కడుపునొప్పి. బడిలో కంటే మంచం మీదే ఎక్కువుండేది. దాని యూనిఫాం నేనే లోపలికి పట్టి కుట్టాను. ఎదిగే పిల్లకి బట్టలు వదులు చెయ్యాలి గానీ బిగించడమేమిటని మిషన్ మీద చెయ్యి ఆడలేదు. డాక్టరు మందులు రాసిచ్చి, "మందులదేముంది, ముందు మంచి నీళ్లు పట్టండి. లేకపోతే పిల్ల దక్కదు" అన్నాడు.

ఓ బిందె పట్టుకుని ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాను.

"ఇవి టెస్టింగ్ నీళ్లయ్యా. తాగేవి కావు" అన్నారాయన.

"తాగడానికి పనికొస్తాయా లేదా అనేగా సార్ ఆ టెస్టు?"

"పనికొస్తాయి. అందుకే తాగకూడదు. మీరంతా తాగేస్తే రేపు నేను దేన్ని టెస్ట్ చెయ్యాలి?"

ఖాళీ బిందెతో తిరిగొచ్చాను.

మా ఆవిడ అలా కాదు. మధ్యాహ్నం వాచ్‌మన్ అన్నం తింటూంటే పక్కన కూర్చుని, "మీ అమ్మకెలా ఉంది తమ్ముడూ?" అంది. అతని ఇల్లు వెనక వీధిలోనే. వాళ్లమ్మదీ మా అమ్మాయి జబ్బే.

"ఏముందక్కా, అలాగే ఉంది. ఈ తాళంచెవి నా దగ్గరే ఉందన్న మాటే గానీ, సార్ రోజూ వచ్చి ట్యాంకులో కర్ర దించి చూస్తాడు. మట్టం తగ్గితే నా ఉద్యోగం ఊడుతుంది."

"మట్టమేనా చూసేది?"

"మట్టమే."

"అయితే తగ్గనివ్వం."

ఆ వారం ట్యాంకర్ వచ్చి వెళ్లిన మధ్యాహ్నమే ట్యాంకులో నీళ్లు వీధిలోకీ, వీధిలో నీళ్లు ట్యాంకులోకీ మారిపోయాయి. బిందెకి బిందె. అప్పటినుంచి వారం వారం అదే వరస. ఇంజనీరు గారు కర్ర దించి, చుక్క తగ్గలేదని వాచ్‌మన్ భుజం తట్టి వెళ్లేవారు. శాంపిల్ పట్టే కుర్ర ఉద్యోగి ఒకసారి సీసా పైకెత్తి, "సార్, కాస్త నీలంగా..." అని నసిగాడు. "టైల్స్ నీడ" అన్నారు ఇంజనీరు గారు.

ప్రతి వారం ఒకటే ఫలితం: సంపూర్ణ సురక్షితం. మా వీధి నీళ్లు పుట్టి బుద్ధెరిగాక ఓ పరీక్ష పాసవడం అదే మొదలు. వీధి వీధంతా గర్వపడింది.

మా అమ్మాయి లేచి కూర్చుంది. తర్వాత నడిచింది. తర్వాత బడి ఎగ్గొట్టడానికి దొంగ కడుపునొప్పి మొదలుపెట్టింది. ఆ దొంగ నొప్పి చూసి మా ఆవిడ ఏడ్చినంత పని చేసింది. నేను ఏడ్చేశాను.

ఇంతలో అవార్డు వచ్చింది. నీటి నిఘాలో మన నగరమే ఆదర్శమని ఓ కమిటీ దిగింది. మంత్రిగారు కెమెరాల ముందు స్వయంగా కుళాయి తిప్పి నీళ్లు తాగుతారని చెప్పారు. వాచ్‌మన్ చెమటలు కక్కుతూ నా షాపులోకొచ్చాడు. "అన్నా, చెప్పేద్దామా?"

చెబితే తాళం మారుతుంది. తాళం మారితే అమ్మాయి మళ్లీ మంచమెక్కుతుంది. నేను మా ఆవిడ వైపు చూశాను.

"సంపూర్ణ సురక్షితం అని వాళ్లే అన్నారుగా. చదువుకున్నవాళ్లు. కాదనడానికి మనమెవరం?" అంది.

మంత్రిగారు స్టీలు గ్లాసుతో ఒకటి తాగి, ఫొటో సరిగా రాలేదంటే ఇంకోటి తాగారు. "అమృతం! నేటి నుంచి నేను ఈ కుళాయి నీళ్లు తప్ప ఇంకే నీళ్లూ ముట్టను" అని ప్రతిజ్ఞ చేశారు. కమిటీ వాళ్లు పెదవులు తడుపుకుని చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆయన ఆస్పత్రిలో చేరారు. అహోరాత్రాలు ప్రజల కోసం పాటుపడి అలసిపోయారని బులెటిన్. ఆయన ప్రతిజ్ఞకి కట్టుబడ్డారో లేదో చూద్దామని విలేకరులు ఆస్పత్రి గేటు దగ్గర తిష్టవేశారు.

అందుకని ఇంజనీరు గారు పెద్ద ఫ్లాస్కు పట్టుకుని, సైరన్ కారులో, కెమెరాలను వెంటేసుకుని మా వీధికొచ్చారు. వాచ్‌మన్ మా వైపు చూస్తూ పెట్టె తాళం తీశాడు.

మా ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది. ఎంతైనా ఒక మనిషి ప్రాణం. గబగబా ఇంట్లోంచి బిందె తెచ్చింది. "సార్, అవొద్దు. ఇవి పట్టుకెళ్లండి. మంచివి. మా అమ్మాయి ఇవి తాగే లేచింది."

ఇంజనీరు గారు బిందెలోకి తొంగిచూశారు. "ఏ ల్యాబులో టెస్టు చేయించారు?"

"ల్యాబులో కాదు సార్. మా ఇంట్లో."

ఆయన జాలిగా నవ్వారు. "టెస్టు చెయ్యని నీళ్లు మంత్రిగారికి పట్టమంటావా అమ్మా? నీకేం, రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేను."

కుళాయి తిప్పి ఫ్లాస్కు నిండా పట్టుకున్నారు. మూతలో ఒలికిన నీళ్లు ఒక్క క్షణం చూసి, టైల్స్ వైపు చూసి, మూత బిగించారు. సైరన్ మోగింది.

నీళ్లు ఇప్పటికీ సంపూర్ణ సురక్షితంగా ఉన్నాయి. మంత్రిగారు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు, రోజూ ఫ్లాస్కు వెళ్తూనే ఉంది. మా అమ్మాయి యూనిఫాం బిగువైతే నిన్ననే కుట్లు విప్పి వదులు చేశాను.